విజిల్ అయ్యాక నెట్టేస్తే టెక్నికల్ ఫౌలా? రీల్స్ చూసి నేర్చుకున్న తప్పు

పోయిన వారం మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. ఇంటర్ సెకండియర్, హన్మకొండలో కాలేజీ టీమ్‌కి ఆడతాడు. హలో కూడా లేదు. "అన్నా, విజిల్ అయినంక నన్ను వెనకనుంచి నూకిండు. రెఫరీ సార్ టెక్నికల్ ఇచ్చిండు. మాకు ఒక్కటే ఫ్రీ త్రో. గిది కరెక్టేనా?"

కరెక్ట్ కాదురా అన్నాను. "మరి ఎన్‌బీఏల ఇస్తరు కదా?" అన్నాడు. ఇస్తారు. అక్కడే ఉంది తిరకాసు. ఇవాళ్టి ఎపిసోడ్ అంతా దీని గురించే. ప్లేయర్‌కి ప్లేయర్ తగిలినప్పుడు రెఫరీ టెక్నికల్ ఫౌల్ ఎప్పుడు ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వకూడదు.

ముందు ఒక విషయం. మన ఫోన్లలో తిరిగే రీల్స్ దాదాపు అన్నీ ఎన్‌బీఏవి. మనం ఆడేది మాత్రం ఫిబా రూల్స్ ప్రకారం. ఫిబా అంటే అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంస్థ, మన బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా దాంట్లో సభ్యురాలు. టోర్నమెంట్ కాజీపేటలో జరిగినా, హన్మకొండలో జరిగినా, హైదరాబాద్‌లో జరిగినా పుస్తకం ఫిబాదే. కళ్లు ఒక పుస్తకం చూస్తుంటాయి, కాళ్లు ఇంకో పుస్తకంలో ఆడుతుంటాయి. ప్లేయర్లే కాదు, లోకల్‌గా విజిల్ పట్టుకునే సీనియర్ల పరిస్థితీ ఇంతే.

ఫిబా 2024 రూల్ బుక్‌లో 36వ ఆర్టికల్ టెక్నికల్ ఫౌల్ గురించి. ప్లేయర్ టెక్నికల్ అంటే ఏంటో అక్కడ సూటిగా ఉంటుంది. అది ఒళ్లు తగలని ఫౌల్. ప్రవర్తనకి సంబంధించిన ఫౌల్. రెఫరీ వార్నింగ్ ఇచ్చినా లెక్కచేయకపోవడం, రెఫరీతోనో ఎదుటివాళ్లతోనో టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లతోనో మర్యాద లేకుండా మాట్లాడటం, జనాన్ని రెచ్చగొట్టే సైగలు చేయడం, ఎదుటి ప్లేయర్‌ని గెలకడం, అతని కళ్ల ముందు చెయ్యి ఊపి కనపడకుండా చేయడం, బాస్కెట్ పడ్డాక బంతిని కావాలని తాకి టైమ్ లాగడం, ఏమీ తగలకుండానే తగిలినట్టు పడిపోయి యాక్టింగ్ చేయడం. ఇవన్నీ టెక్నికల్ కిందకి వస్తాయి. ఇందులో ఎక్కడా 'నెట్టడం' లేదు, 'కొట్టడం' లేదు.

ఆ జాబితాలో నాకు బాగా నచ్చిన లైన్ ఒకటుంది. మోచేతులు విపరీతంగా ఊపడం. రీబౌండ్ పట్టుకుని, ఎవరూ దగ్గరికి రాకుండా రెండు మోచేతులూ గిరగిరా తిప్పుతారు చూడండి, అది. ఎవరికీ తగల్లేదనుకోండి, టెక్నికల్. అదే మోచెయ్యి ఒకరి మొహానికి తగిలిందనుకోండి, ఇక టెక్నికల్ కాదు, తగిలే ఫౌల్స్ లెక్కలోకి వెళ్లిపోతుంది. ఊపింది ఒకటే చెయ్యి, బుద్ధి కూడా ఒకటే. తేడా ఒక్క తగలడమే. కోడ్ రాసేవాళ్లకి ఇఫ్-ఎల్స్ అని చెప్తే అర్థమైపోతుంది.

ఇంకో చిన్న సాక్ష్యం కూడా అదే పుస్తకంలో ఉంది. పెద్ద మ్యాచుల్లో రెఫరీలు వీడియో చూసి నిర్ణయం మార్చుకోవచ్చు కదా. అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ ఇచ్చినదాన్ని మామూలు పర్సనల్‌కి దించొచ్చు, పర్సనల్‌ని పైకి ఎక్కించొచ్చు, లేదా టెక్నికల్‌గా మార్చొచ్చు అని అక్కడ రాసి ఉంటుంది. వీడియోలో చూస్తే అసలు తగలనే లేదు, కానీ ప్రవర్తన బాలేదు అనిపించినప్పుడు ఆ ఆఖరి దారి పనికొస్తుంది.

మరి తగిలితే? తగిలిన ఫౌల్‌కి మూడు మెట్లున్నాయి. మొదటిది పర్సనల్. ఆటలో మామూలుగా జరిగే చెయ్యి తగలడం, పట్టుకోవడం, అడ్డం రావడం. రెండోది అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్. బంతి కోసం నిజాయితీగా ప్రయత్నించకుండా మనిషి మీదకి వెళ్లడం, లేదా బంతి కోసమే వెళ్లినా మరీ గట్టిగా గుద్దేయడం, ఫాస్ట్ బ్రేక్‌లో పోతున్నవాణ్ణి అనవసరంగా ఆపడానికి పట్టుకోవడం లాంటివి. మూడోది డిస్‌క్వాలిఫైయింగ్. గుద్దు, తన్ను, ఇక మాట్లాడేది లేదు, డ్రెస్సింగ్ రూమ్‌కో గ్రౌండ్ బయటికో పోవడమే.

రెఫరీ చేతులు చూస్తే మీకే తెలిసిపోతుంది. రెండు అరచేతులతో ఇంగ్లిష్ 'టి' ఆకారం చూపిస్తే టెక్నికల్. చెయ్యి పైకెత్తి ఇంకో చేత్తో మణికట్టు పట్టుకుంటే అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్. రెండు పిడికిళ్లూ పైకి లేస్తే డిస్‌క్వాలిఫైయింగ్. స్కోర్ షీట్‌లో కూడా 'పి', 'టి', 'యు', 'డి' అని వేరువేరుగా రాస్తారు.

పేరు ఏదైతే ఏంటి, ఫౌల్ ఇచ్చాడు కదా అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను, చాలా రోజులు. ఇక్కడ నా సంగతి చెప్పాలి.

బీటెక్ మూడో సంవత్సరం. ఇంటర్ కాలేజ్ మ్యాచ్, ఏ కాలేజీ ఏంటి అనేది వదిలేయండి. మేం 58, వాళ్లు 57. దాదాపు 40 సెకన్లు ఉన్నాయి. వాళ్ల గార్డ్ డ్రైవ్ చేస్తూ వచ్చి ట్రావెల్ చేశాడు. విజిల్. బంతి మాది. అక్కడితో అయిపోవాలి. కానీ ఆ మ్యాచ్ అంతా ఆ అబ్బాయి నన్ను ఆడుకున్నాడు, నాకు లోపల మంటగా ఉంది. అటు తిరిగి నడుస్తున్నవాణ్ణి రెండు చేతులతో వెనకనుంచి నెట్టేశాను. బాస్కెట్ పోల్ దగ్గర పడ్డాడు, చెయ్యి కింద పెట్టుకుని. లేచాడు గానీ మణికట్టు పట్టుకుని బెంచ్ మీద కూర్చుండిపోయాడు. ఎవరో చల్లటి వాటర్ బాటిల్ పెట్టారు దాని మీద.

రెఫరీ 'టి' చూపించారు.

ఇప్పుడు లెక్క చూడండి. ఫిబాలో టెక్నికల్‌కి ఒక్క ఫ్రీ త్రో. ఎవరు వేయాలో ఎదుటి కోచ్ ఇష్టం, బెస్ట్ షూటర్‌నే పంపిస్తాడు. అది అయ్యాక ఆట ఎక్కడ ఆగిందో అక్కడినుంచే, బంతి ఎవరికి రావాల్సి ఉందో వాళ్లకే. ట్రావెల్ వాళ్లది కాబట్టి బంతి మాకే. వాళ్లు ఆ ఒక్కటి వేశారు, 58-58. మేం బంతి తీసుకుని బాస్కెట్ వేశాం, 60-58. గెలిచాం. రూమ్‌కి వచ్చి బిర్యానీ తిన్నాం.

అదే అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ ఇచ్చి ఉంటే? రెండు ఫ్రీ త్రోలు, దాని తర్వాత బంతి కూడా వాళ్లకే, మా బాస్కెట్ వైపున్న త్రో-ఇన్ లైన్ దగ్గర. రెండూ పడితే 59-58, చేతిలో బంతి, 40 సెకన్లు. మేం ఓడిపోయేవాళ్లమని కచ్చితంగా చెప్పలేను. కానీ నేను చేసిన పనికి మాకు బంతి మిగలడం మాత్రం న్యాయం కాదు. దెబ్బ తగిలినవాడు బెంచ్ మీద, కొట్టినవాడి టీమ్ చేతిలో బంతి. రెఫరీ మెత్తగా పోదామనుకున్నారేమో, లేక అందరిలాగే విజిల్ అయ్యాక ఏం జరిగినా 'టి' అనుకున్నారేమో. ఉద్యోగంలో చేరాక ఒక ఆదివారం ఊరికే రూల్ బుక్ తిరగేస్తుంటే ఈ సంగతి అర్థమైంది నాకు. ఆ రాత్రి తిన్న బిర్యానీ గుర్తొచ్చింది, అంత బాగా అనిపించలేదు.

బంతి డెడ్ అయ్యాక నెట్టడాన్ని అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ అని ఎందుకు అంటున్నానంటే, పర్సనల్ ఫౌల్ నిర్వచనంలోనే బంతి లైవ్‌లో ఉన్నా డెడ్ అయినా ఎదుటివాణ్ణి అక్రమంగా తాకితే అది తగిలిన ఫౌలే అని ఉంది. విజిల్ మోగిందని ఆ నిర్వచనం ఆగిపోదు. ఇంకోటి, బంతి ఆటలోనే లేనప్పుడు "బంతి కోసమే వెళ్లాను సార్" అనే సాకు కూడా ఉండదు. అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్‌కి మొదటి కొలత అదే కదా, బంతి కోసం వెళ్లాడా లేదా. విజిల్ తర్వాత రెండు చేతులతో నెట్టేవాడు దేని కోసం వెళ్లినట్టు?

సరే, మరి ఎన్‌బీఏలో ఎందుకు ఇస్తారు? వాళ్ల పుస్తకం వేరు. అక్కడ బంతి లైవ్‌లో ఉన్నప్పుడు తగిలినదానికి టెక్నికల్ ఇవ్వకూడదు. కొట్లాట, లేదా రెచ్చగొడుతూ తాకడం మాత్రం మినహాయింపు. బంతి డెడ్ అయ్యాక చిన్న చిన్న తోపులాటలకి టెక్నికల్ ఇవ్వొచ్చు. ఇద్దరూ నెట్టుకుంటే ఇద్దరికీ చెరొకటి, ఫ్రీ త్రోలు లేవు, పదండి ఆడండి. రీల్స్‌లో మనం చూసేది ఎక్కువగా ఇదే. కానీ రీల్ అక్కడే కట్ అవుతుంది. దెబ్బ గట్టిదైతే డెడ్ బాల్‌లో కూడా ఫ్లాగ్రెంట్ ఇచ్చే అధికారం వాళ్లకి ఉంది, అంటే రెండు ఫ్రీ త్రోలు, బంతి కూడా. రెండో రకం ఫ్లాగ్రెంట్ అయితే మనిషి కూడా బయటికి.

అమెరికా హైస్కూల్ రూల్స్ ఇంకా ఆసక్తిగా ఉంటాయి. అక్కడ బంతి డెడ్ అయ్యాక ఊరికే తగిలినదాన్ని వదిలేస్తారు. కావాలని చేస్తేనో, మరీ దారుణంగా చేస్తేనో, దాన్ని టెక్నికల్ అనే పిలుస్తారు. మన వాడు చెప్పినట్టే. అయితే అక్కడ టెక్నికల్‌కి శిక్ష రెండు ఫ్రీ త్రోలు, పైగా బంతి. అంటే వాళ్ల టెక్నికల్ బరువు మన అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ బరువుతో సమానం. మన దగ్గర జరిగే తప్పు ఏంటంటే, పేరు అమెరికా నుంచి తెచ్చుకుంటున్నాం, శిక్ష ఫిబా నుంచి తీసుకుంటున్నాం. డాలర్లలో ధర చెప్పి రూపాయల్లో కట్టించుకున్నట్టు. నష్టపోయేది ఎప్పుడూ దెబ్బ తిన్నవాడే.

అసలు టెక్నికల్ అంటే నోటి ఫౌల్ అని గుర్తుపెట్టుకోవడానికి రషీద్ వాలెస్ చాలు. పోర్ట్‌లాండ్ తరఫున 2000-01 సీజన్‌లో 41 టెక్నికల్స్ తెచ్చుకున్నాడు. అంతమందిని కొట్టాడని కాదు, రెఫరీలతో వాదించి వాదించి.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1891 చివర్లో అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటని తయారుచేశాడు. చలికాలంలో హాల్ లోపల ఆడుకోవడానికి, ఒకరినొకరు పడేసుకోని ఆట కావాలి ఆయనకి. మొత్తం 13 రూల్స్ రాశాడు. ఐదోది మొత్తం తగలడం గురించే. భుజంతో గుద్దకూడదు, పట్టుకోకూడదు, నెట్టకూడదు, కాలు అడ్డం పెట్టకూడదు, కొట్టకూడదు. మొదటిసారి ఫౌల్. రెండోసారి చేస్తే తర్వాతి గోల్ పడేదాకా బయట. గాయపరచాలనే ఉద్దేశం స్పష్టంగా కనిపిస్తే మ్యాచ్ మొత్తం బయట, అతని బదులు ఇంకొకరు కూడా దిగకూడదు. మొదటి రోజునుంచే ఉద్దేశాన్నిబట్టి మెట్లు ఉన్నాయన్నమాట. ఆ ఆఖరి ముక్క, బదులు ఎవరూ దిగకూడదు అనేది, ఇప్పుడు పెడితే మన గ్రౌండ్లలో సగం లొల్లి తగ్గుతుంది. నా అభిప్రాయం అంతే.

కబడ్డీ నుంచి వచ్చిన పిల్లలకి ఇంకో కష్టం ఉంది. తెలుగు టైటాన్స్ మ్యాచ్ చూస్తూ పెరిగినవాళ్లకి మనిషిని పట్టుకోవడమే ఆట. కార్డులు చూపించేది ప్రవర్తనకీ ప్రమాదకరమైన పట్టుకీ. గ్రీన్ అంటే వార్నింగ్, యెల్లో అంటే రెండు నిమిషాలు బయట, రెడ్ అంటే మ్యాచ్‌కే బయట. ఒకే కార్డు రెండు రకాల తప్పులకీ పనికొస్తుంది. బాస్కెట్‌బాల్‌లో అలా కాదు, నోటికి ఒక డబ్బా, చేతికి ఇంకో డబ్బా.

ఇప్పుడు నిజంగా కష్టమైన చోటుకి వద్దాం. ఇద్దరు ఛాతీకి ఛాతీ ఆనించి, మొహంలో మొహం పెట్టి నిలబడ్డారు. చేతులు కిందే ఉన్నాయి. ఇది తగలడమా, ప్రవర్తనా? నేను విజిల్ పట్టుకుంటే చూసేది ఎవరు ఎవరిని కదిలించారు అనే. ఎవరూ కదల్లేదు, మాటలే నడుస్తున్నాయి, కళ్లతోనే బెదిరించుకుంటున్నారు అంటే వెంటనే ఇద్దరికీ టెక్నికల్. ఒకడు ఛాతీతో గుద్ది ఇంకొకణ్ణి రెండడుగులు వెనక్కి పంపాడంటే అది చేతులతో నెట్టినట్టే లెక్క. ఇద్దరూ ఒకరినొకరు దాదాపు ఒకేసారి నెట్టుకున్నారా, అప్పుడు డబుల్ ఫౌల్ ఉంది. ఇద్దరికీ ఫౌల్ రాస్తారు, ఫ్రీ త్రోలు ఉండవు. విజిల్ మోగేటప్పటికే గాల్లో ఉండి, ఆగలేక వచ్చి తగిలినవాణ్ణి మాత్రం వదిలేయాలి. ఆగే అవకాశం ఉండి కూడా ఆగనివాడు వేరు, ఆ తేడా కాళ్లు చూస్తే తెలుస్తుంది, మొహం చూస్తే కాదు.

రెఫరీలు చాలామంది మొదటి 'టి' ఇవ్వడానికి మొహమాటపడతారు, ముఖ్యంగా తెలిసిన పిల్లలైతే. నా ఉద్దేశంలో తగిలే దెబ్బల్ని ఆపేది ఆ మొదటి 'టి'యే. సెకండ్ క్వార్టర్‌లో ఒకడు పక్కవాడి అమ్మ గురించి ఏదో అన్నాడు, రెఫరీ విననట్టు ఊరుకున్నాడు అనుకోండి. ఫోర్త్ క్వార్టర్‌లో వచ్చే నెట్టుడు అక్కడే మొదలైంది. మాటకి టెక్నికల్ ఇవ్వాల్సిన టైమ్‌లో ఇవ్వరు, నెట్టినప్పుడు అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ ఇవ్వాల్సిన చోట టెక్నికల్ ఇస్తారు. ఎప్పుడూ ఒక మెట్టు కిందే. ఫిబాలో ఒక ప్లేయర్‌కి రెండు టెక్నికల్స్ వచ్చినా, రెండు అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ వచ్చినా, చెరొకటి వచ్చినా బయటికే. కాబట్టి నోరు జారినందుకు ముందే ఒక 'టి' పడి ఉన్నవాడు చెయ్యి ఎత్తే ముందు రెండుసార్లు ఆలోచిస్తాడు.

బెంచ్ మీద కూర్చునేవాళ్లకి ఒక మాట. 2007లో ఎన్‌బీఏ వెస్ట్ సెమీఫైనల్స్, ఫీనిక్స్ సన్స్, శాన్ ఆంటోనియో స్పర్స్. నాలుగో మ్యాచ్ ఆఖర్లో స్పర్స్ ప్లేయర్ రాబర్ట్ హోరీ, స్టీవ్ నాష్‌ని తుంటితో గుద్ది సైడ్ టేబుల్ మీదకి పంపాడు. హోరీకి ఫ్లాగ్రెంట్ పడింది, తర్వాత రెండు మ్యాచుల సస్పెన్షన్ కూడా. కానీ ఆ క్షణంలో సన్స్ బెంచ్ నుంచి అమారే స్టౌడమైర్, బోరిస్ డియా లేచి ముందుకొచ్చారు. వాళ్లు ఎవరినీ కొట్టలేదు. బెంచ్ వదిలారు, అంతే. ఇద్దరికీ ఒక్కో మ్యాచ్ సస్పెన్షన్. ఐదో మ్యాచ్ సన్స్ వాళ్లిద్దరు లేకుండా ఆడి ఓడిపోయింది, సిరీస్ కూడా 4-2తో పోయింది. దెబ్బ తిన్నది సన్స్, ఎక్కువ పోగొట్టుకున్నదీ సన్సే. ఫిబాలో కూడా కొట్లాట జరిగేటప్పుడు బెంచ్ ఏరియా దాటిన ప్లేయర్‌కి డిస్‌క్వాలిఫికేషనే. హెడ్ కోచ్, ఫస్ట్ అసిస్టెంట్ కోచ్ మాత్రం రెఫరీకి సాయంగా లోపలికి రావచ్చు. మీ దోస్త్‌ని ఎవరో నెట్టారని మీరు లేచి ఉరికితే టీమ్‌లో ఇద్దరు పోతారు.

మా తమ్ముడు చివరికి అడిగింది, "మరి నేనేం చెయ్యాలె అన్నా, సార్‌తోని కొట్లాడాల్నా?" కొట్లాడితే నీకే ఇంకో 'టి' పడుతుంది. మాట్లాడాల్సింది కెప్టెన్. బంతి డెడ్ అయి, క్లాక్ ఆగి ఉన్నప్పుడు కెప్టెన్ మర్యాదగా రెఫరీని వివరం అడగొచ్చు, రూల్ బుక్కే ఆ హక్కు ఇచ్చింది. వెళ్లి "ఇది తప్పు సార్" అనకండి. "సార్, తాకినందుకా, మాటకా?" అని అడగండి. తాకినందుకే అని ఆయన నోటితో ఆయనే అంటే, 'టి' ఎలా సార్ అనే రెండో ప్రశ్న చాలాసార్లు అవసరం కూడా ఉండదు. ఫ్రీ త్రో వేయకముందే అడగాలి, అయిపోయాక అడిగి లాభం లేదు. మారుస్తారని గ్యారంటీ ఇవ్వను, కానీ వచ్చే మ్యాచ్‌కి ఆయన పుస్తకం ఒకసారి తీసి చూస్తారు.

వాడు ఊరుకోలేదు. "నువ్వు నూకినాయనకు సారీ చెప్పినవా?" అన్నాడు. చెప్పలేదు. పేరు కూడా తెలియదు, జెర్సీ 9 నంబర్ అని మాత్రం గుర్తుంది. ఆ రోజు అటువైపు ఆడినవాళ్లు ఎవరైనా ఇది చూస్తుంటే, ఆయనకి ఈ ఎపిసోడ్ పంపించండి.

వచ్చే వారం ఫేకింగ్ గురించి, అంటే తగలకుండానే పడిపోయేవాళ్ల గురించి. దానికి మా తమ్ముడే పెద్ద ఉదాహరణ, వాడికి ఇంకా చెప్పలేదు.